ఉత్తరాలే కదా!

వేసవి సెలవులయి మేం ఊరికి తిరిగొచ్చేశాక, మా అమ్మ నా పిల్లలకి ఇన్‌లాండ్ లెటర్లలో కథలు రాసి పంపేది. ఇల్లు మారేటప్పుడు వాటిని పాత పేపర్లతో కలిపి నేనే తూకానికి వేసేశాను. ఉత్తరాలే కదా అనుకున్నాను. బీట్రిక్స్ పాటర్ పుస్తకం 'పీటర్ రాబిట్' అచ్చయిన చరిత్ర చదివినప్పుడల్లా ఆ తూకం గుర్తొస్తుంది.

1893 సెప్టెంబరు 4న స్కాట్లండ్ నుంచి పాటర్, జబ్బుపడ్డ అయిదేళ్ల నోయెల్‌కి బొమ్మలు వేసి ఓ కుందేలు కథ రాసింది. నోయెల్ తల్లి ఆనీ మూర్ ఒకప్పుడు పాటర్‌కి ఇంట్లో చదువు చెప్పిన టీచరు. ఆ ఉత్తరాన్ని వాళ్లు దాచారు. 1900లో, ఇవి పుస్తకాలవుతాయి కదా అన్నది ఆనీయే. పాటర్ ఉత్తరాన్ని అడిగి తెచ్చుకుని, నకలు తీసుకుని, కథ పెంచింది.

కనీసం ఆరుగురు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. పెద్ద సైజులో, ఖరీదైన పుస్తకం కావాలన్నారు. చిన్న చేతుల్లో ఇమడాలి, ఒక షిల్లింగుకే దొరకాలి అని ఆమె పట్టు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. అప్పటికి ఆమెకి 35 ఏళ్లు. తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటోంది. 1897లో శిలీంధ్రాలపై తను రాసిన పరిశోధన పత్రాన్ని లండన్ లిన్నియన్ సొసైటీలో తనే చదవలేకపోయింది. ఆ సమావేశాలకి స్త్రీలను రానిచ్చేవారు కాదు. ఎవరి అనుమతీ అక్కర్లేని దారి సొంత అచ్చే అని ఆమెకి తోచి ఉండాలి.

మొదట కాదన్న ఫ్రెడరిక్ వార్న్ సంస్థే, బొమ్మలన్నీ రంగుల్లో ఉంటే వేస్తామంటూ ముందుకొచ్చింది. 1902 అక్టోబరులో 8,000 కాపీలు వెలువడ్డాయి.

దీన్ని పట్టుదల కథగా చెప్పుకోవడం తేలిక. కానీ ఆమె చేతిలో కాస్త డబ్బుంది. ఆమె రాసిన కాగితం విలువ తెలిసిన మరో స్త్రీ ఉంది. ఈ రెండూ లేని ఆడవాళ్ల రాతలు ఏమయ్యాయో ఏ ప్రచురణ చరిత్రలోనూ దొరకదు. సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకమంటే మనమూ కాస్త చిన్నచూపే చూస్తాం.

మా అమ్మ కథలు ఏ పబ్లిషరు దాకా వెళ్లలేదు. ఆనీ మూర్ చేసిన పని నేను చెయ్యలేదు.