‘స్టేటస్ జీరో’ నుండి ‘నీట్’ వరకు: ఒక గణాంక పదం చరిత్ర

చదువు, ఉద్యోగం, శిక్షణ మూడూ లేని యువతను సూచించే ‘నీట్’ అనే పదానికి (మన వైద్యవిద్యా ప్రవేశపరీక్షతో దీనికి సంబంధం లేదు) మూలం ఒక సంక్షేమ చట్టంలో ఉంది. బ్రిటన్‌లో 1988లో 16, 17 ఏళ్ల వారిలో అత్యధికులకు ఆదాయ భృతి రద్దయింది. దానితో వారు నిరుద్యోగుల లెక్కలలో నుండి కూడా జారిపోయారు. 1990ల తొలినాళ్లలో వేల్స్‌లోని సౌత్ గ్లామోర్గన్‌లో వారిని అధ్యయనం చేసిన పరిశోధకులు ఆ స్థితిని ‘స్టేటస్ జీరో’ అన్నారు. పాలకులకు ఆ పేరు రుచించి ఉండదు. 1999 నాటి ప్రభుత్వ నివేదిక ‘బ్రిడ్జింగ్ ది గ్యాప్’తో ‘నీట్’ స్థిరపడింది.

2004 ప్రాంతంలో జపానులో వ్యాప్తిలోకి వచ్చేసరికి దాని వయఃపరిమితి 34 ఏళ్లకు పెరిగింది. పని వెదికేవారిని మినహాయించారు. సోమరులన్న నింద ఆ పదానికి అంటుకున్నది అక్కడే. తెలుగులో ‘నిరుద్యోగి’ అనగానే పని వెదికేవాడే స్ఫురిస్తాడు. చదువు మాన్పించగా ఇంటి చాకిరీలో మిగిలిన యువతి ఆ మాటలో ఇమడదు. బ్రిటిష్ నిర్వచనంలో ఇముడుతుంది.