ఆసుపత్రి ఉద్యోగిని ఖడ్గవిద్య
యుద్ధక్షతములింకను మానని లండన్ నగరమున 1948లో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, కింగ్స్ కాలేజి ఆసుపత్రి పరిపాలనాశాఖలో ఉద్యోగము చేయుచునే, మహిళల ఫాయిల్ పోటీలో తుదిదశకు చేరి అష్టమస్థానము గైకొనిన మేరీ గ్లెన్-హేగ్ చరిత్రమును మనవారు అంతగా ఎరుగరు. ఫాయిలనగా వంగెడి సన్నని కత్తి. ప్రత్యర్థి మొండెమును దాని మొనతో తాకినగాని లెక్కకు రాదు. బలముకన్న సమయజ్ఞతయే ఇందు ప్రధానమగుటచే, ఆసుపత్రి నిర్వాహకురాలికిది తగిన విద్యయేయని నాకు తోచును. 1950లో ఆక్లండునందును, 1954లో వాంకూవరునందును బ్రిటిష్ సామ్రాజ్యక్రీడలలో స్వర్ణపతకములు గెలిచి, 1960 రోము క్రీడలతో నాలుగు ఒలింపిక్కులు పూర్తిచేసిన ఈమెకు 1982లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యత్వము లభించెను. అంతకు ముందటి సంవత్సరము వరకు ఆ సంఘమున ఒక్క స్త్రీయైనను లేకుండుట సిగ్గుపడదగిన విషయము. 1993లో డేమ్ బిరుదమందిన ఆమె, 2014లో 96 ఏండ్ల వయస్సున పరమపదించెను.