రంపెకు అద్దాలపెట్టె లేదు

నా దగ్గర ఇప్పటికి ముప్పైనాలుగు కత్తులున్నాయి. అన్నీ పిడిలో బిగించినవే, మడతపెట్టే చాకు ఒక్కటీ లేదు. అన్నీ పాతవే. కొన్నింటి వయసు మా అవ్వ వయసు, కొన్ని ఆమెకన్నా పెద్దవి. వడమాలపేట మండలంలోని వాడలు, పుత్తూరు దారిలోని కొలుములు, తిరుపతి పాతసామాన్ల అంగళ్లు తిరిగి ఏడేళ్లుగా కూడబెట్టినాను. వాటిలో తొమ్మిది మా మాదిగోళ్ల తోలుపని కత్తులు. ఈ వ్యాసం ఆ తొమ్మిదింటి గురించి.

మా బడిలో ఒక సారు పాత నాణేలు పోగుచేస్తాడు. విజయనగరం కాలం రాగినాణెం ఒకటి దొరికిందని ఆయనకు శాలువా కప్పినారు. నేను కత్తులు పోగుచేస్తానని తెలిసినప్పుడు మాత్రం స్టాఫురూంలో ఒకాయన ‘ఏం సారూ, ఫ్యాక్షన్‌లోకి దిగతాండారా?’ అని నవ్వినాడు. ఇంకొకాయన నవ్వలేదు. గొంతు తగ్గించి, ‘ఏం కత్తులు సార్‌? అవేనా?’ అన్నాడు. ఆ ‘అవేనా’ ఏమిటో దళితవాడలో పుట్టిన ఎవరికైనా చెప్పాల్సిన పనిలేదు.

కత్తి అంటే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి రాజు నడుముకు వేలాడేది, రెండోది రాయలసీమ సినిమాలో హీరో తిప్పేది. చెరుకు నరికేది, కల్లు గీసేది, గడ్డం గీసేది, చచ్చిన గొడ్డును ఒలిచేది కత్తుల లెక్కలోకి రావు. అవి పనిముట్లు. పనిచేసేవాడికి చరిత్ర లేనప్పుడు పనిముట్టుకు ఎక్కడినుంచి వస్తుంది?

అయితే కత్తి చరిత్రను కొంచెం గోకి చూడండి. ‘ఉక్కు’ అనే మన దక్షిణాది మాటే తెల్లవాళ్ల నోట్లో పడి ‘ఊట్జ్‌’ అయిందని చాలామంది పండితులు చెప్తారు. 1795లో జార్జ్‌ పియర్సన్‌ ఈ ఉక్కు మీద చేసిన పరీక్షల గురించి లండన్‌ రాయల్‌ సొసైటీకి వ్యాసం సమర్పించినాడు. జేమ్స్‌ స్టోడార్ట్‌ అని లండన్‌లో కత్తులు చేసే ఆయన, సన్నటి పదును కావాల్సిన కత్తులకు ఇంతకు మించిన ఉక్కు లేదన్నాడు. కరెంటు పాఠంలో మనం పిల్లలకు చెప్పే మైకేల్‌ ఫారడే, ఆ స్టోడార్ట్‌తో కలిసి 1820 ప్రాంతంలో దీని గుట్టు పట్టాలని తంటాలుపడినాడు. మన నిజామాబాద్‌ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే పనిని 1820లలో హెన్రీ వాయ్‌సీ అనే తెల్ల డాక్టరు కళ్లారా చూసి రాసినాడు. పర్షియానుంచి వ్యాపారులు అంతదూరం వచ్చి అక్కడ ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు. డమాస్కస్‌ కత్తి అని లోకం కీర్తించిన దానిలో ఉండింది ఇటువంటి ఊళ్ల ఉక్కే.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. మూసలో ఏమేసేవాళ్లు అన్నచోట నేను ఆగిపోయినాను. సేలం ప్రాంతంలో ఇనుము పని చేయించిన జె.ఎం.హీత్‌ 1830లలో రాసినదాని ప్రకారం, ఇనుప ముక్కలతోపాటు ఎండు తంగేడు కట్టె వేసి, పైన ఒకటి రెండు పచ్చి జిల్లేడాకులు కప్పి, మట్టితో మూతిమూసి కాల్చేవాళ్లు. కట్టెలోని కర్బనం ఇనుములోకెక్కి అది ఉక్కు అవుతుంది.

తంగేడు! మా ఇంటి వెనక లందలో మా తాత వేసింది ఆ తంగేడు చెక్కే కదా. పచ్చితోలు కుళ్లకుండా తోలుగా నిలబడేది ఆ చెక్క పొగరుతోనే. మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు పోయినాయంటే దానివల్లనే. అల్ఫ్రెడ్‌ ఛాటర్టన్‌ 1904లో ఈ తోలుపని మీద ఒక పెద్ద నివేదిక రాసినాడు కూడా. కత్తిలోని ఉక్కుకూ, కత్తి ఒరలోని తోలుకూ ఒకే చెట్టు. ఇంకా చెప్తాను. కొలిమికి గాలి ఊదే తిత్తి తోలుది. ఆ తిత్తికి తోలు మా చేతులమీదుగానే పోయింది. అంటే రాజుగారి బాకు ఎర్రగా కాలేటప్పుడు దానికి ఊపిరి పోసింది మాదిగోడి తోలు. మా అవ్వ చెప్పేది: తిత్తి చినిగితే కుట్టేదానికి కొలిమికాడినుంచి మా తాతను పిలిపించేవాళ్లంట. తాత కత్తి చేయించుకోను పోతే మాత్రం, దాన్ని చేతికివ్వకుండా నేలమీద పెట్టేవాళ్లంట. ‘తిత్తి కుట్టినప్పుడు లేని మైల, కత్తి ఇచ్చేటప్పుడు యాడినుంచి వచ్చిందో’ అని నవ్వేది మా అవ్వ. ఆ నవ్వు నాకిప్పటికీ అర్థంకాదు.

రంపెను చూడనివాళ్లకోసం చెప్తాను. మామూలు కత్తికి పదును పక్కనుంటుంది, రంపెకు ముందుంటుంది. పొట్టి పిడి, దాంట్లోనుంచి వచ్చిన ఇనుము ముందుకు పోయేకొద్దీ వెడల్పై, చివర విసనకర్రలా విచ్చుకుంటుంది. తోలును చెక్కమొద్దు మీద పరిచి, అరచేతి బలంతో రంపెను ముందుకు తోస్తే తోలు కోసుకుంటూ పోతుంది. వాటంగా పడుకోబెట్టి తోస్తే అదే రంపె తోలును పలచగా గీకుతుంది. దీని తోడు ఆరె. కుట్టేదానికి ముందు బెజ్జం పొడిచేది. గొడ్డును ఒలిచే కత్తి వేరే. దాని అలుగు పొట్టదగ్గర గుండ్రంగా ఉంటుంది, మొన పైకి లేచి ఉంటుంది. ఎందుకంటే ఒలిచేటప్పుడు మొన తగిలి తోలుకు గాటు పడితే తోలు ధర పడిపోతుంది. చర్మానికీ కండకూ మధ్య ఉండే పొరలో, చీకట్లో నడిచినట్టు నడవాలి కత్తి. డాక్టరు చేస్తే సర్జరీ. మా తాత ఊరి బయట మర్రికింద, కాకులు గద్దలు చుట్టూ మూగినప్పుడు ఆ పని చేసినాడు.

నా దగ్గరున్న రంపెల్లో ఒకటి మా తాతది. దాని పిడి తుమ్మకర్ర. పొన్ను రాగిది. పిడిలోకి దిగిన ముల్లును లక్క పోసి బిగించినారు. అరచేయి ఆనేచోట కర్ర గుంటపడింది. అలుగు ఎడమ మూల బాగా అరిగింది, కుడిమూల అరగలేదు. మా తాతది ఎడమచేతి వాటమని నాకు ఎవరూ చెప్పలేదు, రంపె చెప్పింది. తర్వాత మా అమ్మనడిగితే అవునంది. ఆయన ఫోటో లేదు మా ఇంట్లో. రేషన్‌కార్డు రాకముందే పోయినాడు. ఆయన శరీరం గురించి ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ అరిగిన మూల ఒక్కటే.

కత్తిని చదవడం ఇట్లా నేర్చుకున్నాను. సాన చక్రానికి తగిలించినప్పుడు నిప్పురవ్వలు పొడుగ్గా, సాదాగా పోతే అది మెత్తటి పాత ఇనుము. రవ్వ చివర పువ్వులా పగిలితే కర్బనం ఎక్కువున్న ఉక్కు. ఈ ప్రాంతంలో దొరికే యాభై అరవై ఏళ్లలోపు కత్తులు చాలావరకు లారీ కమాను పట్టాలతో చేసినవి. అంతకు ముందువాటిలో ఇనుము అలుగుకు పదునంచున మాత్రం ఉక్కు అతికినవి రెండు దొరికినాయి. ఉక్కు ఖరీదు కాబట్టి పేదోడి కత్తికి వాదర మేరకే ఉక్కు. తుప్పును గరుకు కాగితంతో గీకి తళతళలాడించొద్దు. పాత కత్తికి ఆ నల్లటి పొర ముసలోళ్ల చర్మం లాంటిది. కుట్టుమిషన్‌ నూనె పలచగా రాస్తే చాలు. ఇంకొకటి, కత్తిని తోలు ఒరలో పెట్టి దాచొద్దు. తంగేడు పొగరూ, తోలు పీల్చుకున్న తేమా కలిసి ఉక్కును తినేస్తాయి, రాగి పొన్ను పచ్చగా చిలుముపడుతుంది. అందుకని నా కత్తులు ఒకచోట, ఒరలు ఒకచోట ఉంటాయి.

ఈ పిచ్చి పట్టినాక మ్యూజియాలు తిరిగినాను. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్‌ మ్యూజియం చూసినాను. జహంగీరు, నూర్జహాన్‌ల పేర్లమీద చూపించే బాకు, పండ్లుకోసే కత్తి దగ్గర జనం గుంపు. పండు కోసుకున్న కత్తికి అంత కాపలా! మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు రాజుల ఆయుధశాలనుంచి వచ్చిన కఠారులున్నాయి. వాటి పనితనం గొప్పది, కాదనను. చాలాసేపు నిలబడి చూసినాను. ఆ మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా అధికారిగా ఉన్న ఎడ్గర్‌ థర్‌స్టన్‌, దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు 1909లో అచ్చేసినాడు. మనుషుల తలలూ ముక్కులూ పరికరం పెట్టి కొలిచినాయన ఆయన. మా ముక్కు కొలతలు పుస్తకాలకెక్కినాయి. నేను చూసిన అద్దాలపెట్టెల్లో రంపె మాత్రం ఎక్కడా కనపడలేదు.

2023 మే నెలలో టిప్పుసుల్తాన్‌ పడకగది కత్తి లండన్‌ వేలంలో కోటీ నలభై లక్షల పౌన్లకు పోయింది. పేపర్లో చదివి మా అమ్మకు చెప్పినాను. ‘దాంతో ఆయన ఏం కోసినాడంట?’ అని అడిగింది.

చట్టం సంగతి కూడా తెలుసుకున్నాను. 1878లో తెల్లవాళ్లు తెచ్చిన ఆయుధాల చట్టం దేశం చేతులు కట్టేసి, హోదా ఉన్న పెద్దలకు మినహాయింపులిచ్చింది. ఇప్పుడున్న 1959 చట్టం కింది జాబితాలో తొమ్మిది అంగుళాలకన్నా పొడవు లేదా రెండు అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల కిందికొస్తాయి. కానీ ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి రావు. ఒకసారి బస్సులో సంచి తనిఖీ చేసిన పోలీసాయనకు ఇది వివరించినాను. ఆయన విన్నాడు. విని, ‘ఏ ఊరు? ఏ వీధి?’ అని అడిగినాడు. చట్టంలో లేని ప్రశ్న అది.

పనిముట్టే ప్రాణం మీదికి తెస్తుందని కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. 2002 అక్టోబరులో హర్యానా ఝజ్జర్‌ దగ్గర అయిదుగురు దళితుల్ని గోవును చంపినారనే పుకారుతో కొట్టి చంపినారు. 2016 జులైలో గుజరాత్‌ ఊనాలో చచ్చిన ఆవును ఒలిచినందుకు చొక్కాలిప్పి, బండికి కట్టి కొట్టినారు. అది ఎక్కడో ఉత్తరాన అనుకుంటుండగానే, ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టేసి కొట్టినారు. ఒలవకపోతే ‘మీ పని మీరెందుకు చేయర’ని కొట్టిన ఊళ్లు, ఒలిస్తే ఎందుకు ఒలిచినారని కొడుతున్నాయి.

అందుకే ఈ కత్తులు దొరకడం కష్టం. కపిలెలు పోయి మోటార్లు వచ్చినప్పుడు తోలు తొండాల పని పోయింది. ప్లాస్టిక్‌ చెప్పులొచ్చి మిగిలిన పని పోయింది. పోనీ, పనిగా పోవడం మంచిదే. 1927లో మహద్‌లో అంబేడ్కర్‌ చచ్చిన గొడ్లను మోయడం మానండి, ఆ మాంసం తినడం మానండి అన్నది మన మేలుకే. మా నాయన ఆయన పుస్తకం చదవలేదు, వాడలో సంఘం పిల్లోళ్లు చెప్తే విన్నాడు. 1997లో రంపె దించి మామిడితోటల్లో కూలికి పోయినాడు. ఆ కూలి డబ్బుతోనే నేను డిగ్రీ, బి.ఇడి. చదివినాను. పని మానేసినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. కానీ పని మానేసినోళ్లు కత్తులను కూడా బావుల్లో వేసినారు, పాతినారు, పాత ఇనుముకింద కేజీల లెక్కన అమ్మినారు. ఇంక వందేళ్ల తర్వాత ఈ నేలమీద కత్తి అంటే రాజుది మాత్రమే మిగులుతుంది. చూసినోళ్లు, ఈ దేశంలో ఉక్కును పట్టుకున్నది రాజులే అనుకుంటారు.

నాతో వాదించే మిత్రులున్నారు. ‘అవమానాన్ని అద్దంలో పెట్టి చూపిస్తావా?’ అంటారు. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. మా అమ్మే ఒప్పుకోదు. ‘ఇంట్లో పెట్టబాక నాయినా. నువ్వు దాంట్లో పనితనం చూస్తాండావు. నాకు లంద కంపు వస్తాది. నేను పెళ్లయి వచ్చిన మొదటి రాత్రి ఆ కంపుకు అన్నం తిన్లేదు’ అంటుంది. నేను జవాబు చెప్పను. తాత రంపెను గుడ్డలో చుట్టి, మా అద్దె ఇంట్లో కాకుండా ఒక స్నేహితుడి గదిలో పెట్టినాను. అమ్మ వచ్చిపోయే ఇంట్లో దానికి చోటు అడిగే హక్కు నాకుందో లేదో ఇంకా తేలలేదు.

ప్రతి కత్తికీ ఒక చీటీ రాస్తాను. ఊరు, వాడ, ఇనుము, పిడి, పని, పట్టినవాళ్ల పేరు. పేరు దగ్గరే చిక్కు. పోయిన మాఘమాసంలో పక్క ఊరి వాడలో ఒక ముసలాయన దగ్గర ఒలిచే కత్తి చూసినాను. నేను చూసినవాటిలో అంత అందమైనది లేదు. చూరులోనుంచి తీసి, నా చేతికిచ్చి, మళ్లీ తీసుకున్నాడు.

‘ఇస్తా సారూ, నాకెందుకిది. మనవరాలికి సంబంధం కుదరతా ఉండాది. పిల్లోడు బెంగుళూర్లో కంప్యూటరు పని. మనోళ్లే, అయినా వాళ్లకు మా ఇంటి సంగతి తెలవదు. పెండ్లయినాక రాండి. పేరు మాత్రం రాయబాకండి.’

అక్కడే కూర్చుని కొలతలు రాసుకున్నాను. అలుగు ఏడు అంగుళాలు, బర్రెకొమ్ము పిడి, ఇత్తడి పొన్ను, వాదరకు అతికిన ఉక్కు. పేరు గడి ఖాళీగా ఉంది.