రోగి మంచం పక్కనే గురుపీఠం

1946లో గుంటూరు వైద్య కళాశాల ఆరంభమైన నాటి నుంచి, ఈ ఎనభై ఏళ్లలో, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రజలకు గుంటూరు పెద్దాసుపత్రి కష్టకాలంలో రైలెక్కి చేరుకునే ఆశ్రయంగానే ఎక్కువగా తెలుసు. ఆ వార్డులే వైద్యులను తీర్చిదిద్దే తరగతి గదులనీ, అక్కడ రాత్రివేళ పాఠం చెప్పేది చాలావరకు పీజీలేననీ తెలిసినవారు తక్కువ. పీజీ అంటే ఎంబీబీఎస్ ముగించి, ఎండీ లేదా ఎంఎస్ కోసం మూడేళ్లు ఆసుపత్రిలోనే పనిచేస్తూ శిక్షణ పొందే రెసిడెంటు వైద్యుడు.

బాల్టిమోర్‌లో 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాస మందిరం నుంచి రోగి మంచం దగ్గరకు తీసుకువచ్చి నెలకొల్పిన సంప్రదాయమే గుంటూరు వార్డులలో రోగులను చూస్తూ పాఠం చెప్పే రౌండ్సుకూ మూలం. రోగి నాడి పట్టి, కడుపు తడిమి, ఆ తరువాతే పుస్తకం తెరవాలని నేర్పిన తొలితరం ఆచార్యులకు ఈ ప్రాంతం ఎంతో రుణపడి ఉంది. తరువాతి దశాబ్దాలలో సీట్లు, విభాగాలు పెరిగాయి; 1986లో రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఎంబీబీఎస్ విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు బోధించడంలో పీజీలు పాలుపంచుకోవాలని 2000 నాటి జాతీయ నిబంధనలే చెప్పాయి. ఎలా బోధించాలో మాత్రం పెద్దలను చూసి నేర్చుకోవలసినదిగానే మిగిలింది. నిజానికి బోధన కూడా అభ్యాసంతో పట్టుబడే విద్యే. 1992లో అమెరికాలో ప్రతిపాదించిన 'ఒక్క నిమిషపు బోధన' అనే పద్ధతిలో ఐదు మెట్లున్నాయి: శిష్యుడి చేత ఒక నిర్ణయం చెప్పించడం, కారణం అడగడం, ఒక సూత్రం నేర్పడం, ఒప్పును మెచ్చుకోవడం, తప్పును దిద్దడం. వరిచేలో పాము కాటేసిన రైతును తెచ్చినప్పుడు, హౌస్ సర్జన్ రక్తపింజరి కాటని అనుమానిస్తే, ఎందుకని అడిగి, ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని వివరించి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలని నేర్పే పీజీ, వైద్యం ఆగకుండానే పాఠమూ పూర్తిచేస్తాడు.

ఈ సంప్రదాయానికి అతి కఠిన పరీక్ష కోవిడ్ కాలం. 2020 మార్చిలో తరగతులు ఆగి విద్యార్థులు వార్డులకు దూరమయ్యారు. 2021 ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ సెప్టెంబరు 11కు వాయిదాపడి, కౌన్సెలింగ్ 2022 జనవరిలో గాని మొదలుకాకపోవడంతో, మూడు బ్యాచ్‌ల భారాన్ని దేశమంతటా రెండు బ్యాచ్‌లే మోశాయి. ముఖం కనిపించని పీపీఈ కిట్లలో, చెమటలో తడుస్తూ, రోగిని బోర్లా పడుకోబెట్టడం, ఆక్సిజన్ స్థాయిని గమనించడం హౌస్ సర్జన్లకు చేయిపట్టి చూపిన ఆ పీజీల ఓర్పును స్మరించకుండా ఉండలేం.

అంతకుముందే, 2020 సెప్టెంబరులో వచ్చిన పీజీ నిబంధనల సవరణ ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలని విధించింది. దానితో తెనాలి వంటి జిల్లా ఆసుపత్రులూ బోధనావలయంలోకి వచ్చాయి. పెద్దాసుపత్రిలో పైన ఆచార్యుడు ఉంటాడు. జిల్లా ఆసుపత్రిలో నర్సుకు, డ్యూటీ డాక్టరుకు పక్కన నిలిచి చెప్పవలసిన బాధ్యత తరచుగా పీజీ మీదే పడుతుంది.

అయినా ఒక లోటు బాధిస్తూనే ఉంది: 2023 నిబంధనలు పీజీలకు పరిశోధనా పద్ధతులు, నైతికత, గుండె పునరుజ్జీవన కోర్సులను తప్పనిసరి చేసినా, బోధనలో శిక్షణకు ఆ వరుసలో చోటు దక్కలేదు. ఉత్సవ సంచికలలో ప్రిన్సిపాళ్ల చిత్రాలకు పేజీలు ఉంటాయి, రాత్రి డ్యూటీలో పాఠం చెప్పిన పీజీ పేరు ఎక్కడా ఉండదు. రేపల్లెలోనో బాపట్లలోనో ఒక యువ వైద్యుడు గాజు గొట్టాన్ని పక్కన నిలిపి 20 నిమిషాల కోసం గడియారం చూస్తున్నప్పుడు, ఆ పేరులేని గురువు అక్కడే ఉన్నాడు.