నాలుక కింది దారి

క్లోరోఫాం పరీక్షలకని హైదరాబాద్ వచ్చిన లాడర్ బ్రంటన్, నైట్రోగ్లిజరిన్ రుచి చూసి తలనొప్పి తెచ్చుకున్న డాక్టరూ ఒక్కరేనని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది. 1867లో గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ ఆవిరి పీల్పించి పేరు తెచ్చుకున్నాడాయన. నైట్రోగ్లిజరిన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం తలపోటుకు జడిసి వదిలేశాడు. విలియం మరెల్ అనే మరో డాక్టరు వదల్లేదు. ఒక శాతం ద్రావణంతో తడిసిన సీసా బిరడా ఆయన నాలుకకు తగిలింది. కాసేపటికే మెడలో నరాలు టపటప కొట్టుకున్నాయి. 1879లో ఆ మందు గుండెనొప్పికి పనిచేస్తుందని లాన్సెట్ పత్రికలో రాశాడు.

మింగితే ఆ మందులో చాలా భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది. నాలుక కింది పలుచని పొర గుండా వెళ్తే నేరుగా రక్తంలో కలుస్తుంది.

1889లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిస్తే బ్రంటన్ ఇక్కడికొచ్చాడు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల మీద వందల జంతువులకు క్లోరోఫాం పట్టి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అది తప్పని చూపించాడు. తప్పుడు తీర్పుకు ఇంత కీర్తి! తడి బిరడా కథ మాత్రం ఈ ఊళ్లో ఎవరూ చెప్పుకోరు.

తర్వాత నూరేళ్లు దాటి, నోట్లోనే కరిగే రేకుల దగ్గరికొద్దాం. 2001లో అమెరికాలో నోటి వాసన పోగొట్టే లిస్టరిన్ రేకులొచ్చాయి. 2010లో వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ ఫిల్మ్‌కు అక్కడ అనుమతి దొరికింది. నీళ్లలో కరిగే పాలిమర్‌లో మందు కలిపి, పలుచగా పరిచి, ఆరబెట్టి, ముక్కలు కోస్తారు. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లు పూసి పూతరేకు తీసే పనికి ఇది దగ్గరి చుట్టమే. జపాన్‌వాళ్లు అలాంటి పిండి రేకులో చేదు పొడులు చుట్టి మింగారు. మనం నెయ్యీ పంచదారా వేసి తినేశాం. కాంపౌండర్ పొట్లం కట్టిచ్చిన చేదుపొడి తేనెలో రంగరించి నాకిన తరానికి ఆ రేకు అందలేదే అని నా బాధ.

ఒక్క మెలిక. నోట్లో కరిగే ప్రతి ఫిల్మూ నాలుక కింది దారి పట్టదు. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటిది కరిగి, ఉమ్మితోపాటు కడుపులోకే పోతుంది. నీళ్లు తాగలేనివాళ్లకు అదే మేలు. పైగా రేకులో పట్టేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. కాబట్టి జ్వరమొస్తే నాంపల్లిలోనైనా, అబిడ్స్‌లోనైనా 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ గోలీని నీళ్లతో మింగాల్సిందే.