చెరువుగట్టు నుండి తెప్పకొలను వరకు: సింగానల్లూరు – మధుర దారిలో తెలుగువారి అడుగుజాడలు

తమిళంలో ‘నల్లూరు’ అంటే మంచి ఊరు. తెలుగు మాత్రమే తెలిసిన పిల్లవాడు ఆ మాట వింటే నల్లని ఊరనుకుంటాడు. కోయంబత్తూరు నగరానికి తూర్పున, తిరుచ్చి రోడ్డు మీద ఉన్న సింగానల్లూరు విషయంలో ఈ పొరపాటులోనూ కొంత నిజం ఉన్నది. కోయంబత్తూరు సీమలో నల్లరేగడి నేలలు విస్తారం. ఆ నల్లని నేలను మంచి ఊళ్లుగా మలచినవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం. పేరు తమిళం, శ్రమలో పాలు తెలుగువారిది. ఆ ప్రాంతపు చరిత్ర అంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నదనవచ్చు.

కోయంబత్తూరుకు వచ్చే యాత్రికులు ఉదకమండలం కొండలకు సాగిపోతారు. మధురకు వచ్చేవారు మీనాక్షీ అమ్మవారి దర్శనం చేసుకొని తిరుగు రైలు ఎక్కుతారు. ఈ రెండు నగరాల నడుమ, పల్లడం, ధారాపురం, దిండిగల్లు మీదుగా సాగే సుమారు 215 కిలోమీటర్ల దారి కేవలం ప్రయాణపు దూరంగానే మిగిలిపోతుంది. నిజానికి ఆ దారికి ఇరుకొసల తెలుగువారి చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం పరచుకొని ఉన్నది. విహారయాత్రకు బయలుదేరే విద్యార్థి దానిని ఒక పాఠ్యపుస్తకంవలె చదువుకొనవచ్చు. అయితే ఆ పుస్తకంలోని తెలుగు గోడలమీది అక్షరాలలో కనబడేది తక్కువ. ఊరి పేరులో, నేలను దున్నిన తీరులో, కొలను త్రవ్వించినవారి పేరులో దానిని వెదకుకోవాలి.

వలస వచ్చిన దారి

పదునాలుగవ శతాబ్దిలో విజయనగర రాకుమారుడు కంపరాయలు దక్షిణదేశం మీదికి దండెత్తి మధుర సుల్తానుల పాలనను అంతమొందించాడు. ఆ విజయాన్ని ఆయన రాణి గంగాదేవి ‘మధురావిజయం’ అనే సంస్కృత కావ్యంగా రచించింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మధుర నాయకరాజ్యం ఆరంభమైంది. విశ్వనాథుడు తెలుగువాడు. ఆయనకు కుడిభుజమై నిలిచిన దళవాయి అరియనాథ మొదలియారు తమిళుడు. రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క పాలెగానికి అప్పగించిన ఏర్పాటు వీరిద్దరి పేర చెప్పబడుతుంది. తెలుగు తమిళుల కలయిక ఆ రాజ్యానికి పునాదిలోనే ఉన్నది.

నెల్లూరు, చిత్తూరు జిల్లాలవారికి ‘పాళెం’ కొత్త మాట కాదు. కోయంబత్తూరు చుట్టూ అదే మాట ‘పాళయం’ రూపంలో అడుగడుగునా ఎదురవుతుంది. సింగానల్లూరుకు ఇరుగుపొరుగున ఉప్పిలిపాళయం, ఉత్తరాన నరసింహనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం ఉన్నాయి. బస్సు మీది ఫలకం చదివినంత మాత్రాన నాయకరాజుల కాలం కళ్లముందు నిలుస్తుంది.

దండుతో వచ్చినవారు కొందరే. వారి వెంట, వారి తరువాత వచ్చినవారు ఎక్కువ. నల్లరేగడిలో సేద్యం ఎరిగిన కమ్మవారు, రెడ్లు, మగ్గం పట్టిన దేవాంగులు, చెరువులు త్రవ్వి రాళ్లు కొట్టిన ఒడ్డెలు, తోలుపనిలో ఆరితేరిన అరుంధతీయులు తమ తమ విద్యలతో తరలివచ్చారు. తెలుగువారి వలస అంటే రాజులు, జమీందార్లు మాత్రమే గుర్తుకు రావడం చరిత్రకు సగం కన్ను మూయడమే.

ఈ వలసగాథను నవలగా మలచిన రచయిత కి. రాజనారాయణన్ (1923–2021). కోవిల్‌పట్టి సమీపాన ఇడైసేవల్ గ్రామంలో, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో జన్మించిన ఆయన వ్రాసినది తమిళంలో. తెలుగునేల విడిచి వచ్చి కరిసల్ నేలలో ఊరు కట్టుకొన్న వారి కథ ‘గోపల్ల గ్రామం’. దాని తరువాయి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగువారి కథ తమిళ సాహిత్యానికి కీర్తి తెచ్చింది. ఇది గర్వించదగిన విషయం, ఆలోచించదగిన విషయం కూడా.

చెరువు, మోట, మోటారు

సింగానల్లూరులో మొదట చూడదగినది చెరువు. వెళ్లియంగిరి కొండలలో పుట్టి కావేరిలో కలిసే నొయ్యలు నది వెంబడి గొలుసుకట్టుగా ఏర్పడిన ప్రాచీన చెరువులలో ఇది ఒకటి. విస్తీర్ణం సుమారు 288 ఎకరాలు. పేరూరు చెరువు, ఉక్కడం పెద్దచెరువు, వాలాంకుళం దీనికి ఎగువన ఉన్న తోబుట్టువులు. నగరం పెరిగిన కొద్దీ మురుగునీరు, చెత్త ఈ చెరువును పీడించినా, పక్షులూ సీతాకోకచిలుకలూ దీనిని విడిచిపోలేదు. 2017లో నగరపాలక సంస్థ దీనిని జీవవైవిధ్య సంరక్షణ మండలంగా ప్రకటించింది. తెల్లవారుజామున గట్టుమీద నిలిచినవారికి ఒకనాటి పల్లె ఇంకా కనబడుతుంది. ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉన్న సింగానల్లూరు 1981లో కోయంబత్తూరు నగరపాలక సంస్థలో కలిసింది.

చెరువు నీరు అందని మెట్టపొలాలకు బావులే దిక్కు. కొంగునాట బావులు లోతైనవి, రాతిని తొలిచినవి. ఎద్దులు లాగే మోటకు తోలుసంచి కావాలి. దానిని కుట్టి, చినిగినపుడు బాగుచేసి ఇచ్చినవారు అరుంధతీయులు. వారిలో అనేకులు నేటికీ ఇంట తెలుగే మాట్లాడతారు. వారి చేతిపని లేనిదే ఆ సీమలో పైరు పచ్చబడేది కాదు. తరతరాలుగా వెనుకకు నెట్టబడిన ఈ వర్గానికి తమిళనాడు ప్రభుత్వం 2009లో షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం ప్రత్యేకంగా కేటాయించింది.

మోట స్థానంలో మోటారు వచ్చిన కథ కూడా ఇక్కడిదే. సింగానల్లూరుకు తూర్పున సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడు పెద్ద చదువులు చదవలేదు. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేశాడు. లోతైన బావుల నాటిలో మోటారు పరిశ్రమ వేళ్లూనడం కాకతాళీయం కాదు. 1974లో మరణించిన ఆయన సేకరించిన యంత్రాలూ పరికరాలూ అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో నేటికీ విద్యార్థులను ఆకర్షిస్తున్నాయి.

మిల్లు కూత, వెండితెర

నల్లరేగడి పత్తిని ఇచ్చింది, పత్తి మిల్లులను రప్పించింది. కోయంబత్తూరులో తొలి నూలుమిల్లు 1888లో ఆంగ్లేయుడైన స్టేన్స్ చేతుల మీదుగా వెలసింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించాడు. 1930వ దశకంలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో పీలమేడు, సింగానల్లూరు ప్రాంతాలు మిల్లుల వాడలయ్యాయి. పీలమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడి ఆస్తిని అయిదు భాగాలు చేసి, నాలుగు భాగాలు నలుగురు కుమారులకు, అయిదవ భాగం ధర్మానికి కేటాయించారు. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థ పి.ఎస్.జి. విద్యాలయాలుగా విస్తరించింది. ధర్మాన్ని కూడా ఇంటి బిడ్డగా లెక్కించిన ఈ పంపకం ప్రతి పాఠశాలలోనూ చెప్పదగినది.

సింగానల్లూరు పేరు చలనచిత్ర చరిత్రలోనూ ఉన్నది. 1930వ దశకంలో ఇక్కడ వెలసిన సెంట్రల్ స్టూడియోలో ఎం.జి. రామచంద్రన్ తొలిసారి కథానాయకుడుగా నటించిన ‘రాజకుమారి’ (1947) చిత్రం రూపొందింది. ఆ స్టూడియోతో అనుబంధం ఉన్న ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు తరువాత పక్షిరాజా స్టూడియో స్థాపించాడు. ఆయన తీసిన ‘మలైక్కళ్ళన్’ (1954) తమిళంలో ఘనవిజయం సాధించింది. అదే కథ ఎన్.టి. రామారావు, భానుమతి జంటగా తెలుగులో ‘అగ్గిరాముడు’ అయింది, హిందీలో ‘ఆజాద్’ అయింది. మదరాసుకు దూరంగా, నొయ్యలు ఒడ్డున, ఒక తెలుగు ఇంటిపేరు దేశభాషలకు తెరమీద వంతెన కట్టింది. నేడు సెంట్రల్ స్టూడియో లేదు. మిల్లులు చాలా మూతబడ్డాయి. చూపడానికి కట్టడం మిగలనిచోట చెప్పడానికి పెద్దలు మిగలాలి.

పేరూరు కనకసభ

నొయ్యలు వెంట పడమటికి సాగితే పట్టీశ్వరస్వామి వెలసిన పేరూరు వస్తుంది. ఆలయం ప్రాచీనం, తమిళ శైవుల పుణ్యక్షేత్రం. అందులోని కనకసభా మంటపం మాత్రం పదిహేడవ శతాబ్దిలో మధుర నాయకవంశానికి చెందిన అళగాద్రి నాయకుడు కట్టించినది. నిలువెత్తు రాతికంబాలలో వీరభద్రుడు, గజసంహారమూర్తి, ఊర్ధ్వతాండవమూర్తి ప్రాణంతో నిలిచినట్లుంటారు. ఆలయం అంతా తెలుగువారిదే అని చెప్పుకొంటే అది చరిత్ర కాదు. అసలే లేరనడమూ చరిత్ర కాదు. ఉన్న ఇంటికి ఒక మంటపం చేర్చిన బంధువువలె తెలుగువారు ఈ నేలకు చేరువయ్యారు. పేరూరు నేర్పే పాఠం ఇదే.

మధురలో నాయకుల ముద్ర

ఆ మంటపం కట్టించినవారి రాజధానిని చూడడానికి మధుర చేరాలి. తిరుచ్చి నుండి రాజధానిని మధురకు మార్చిన తిరుమల నాయకుడు 1636లో మహలు నిర్మించాడు. ఆయన మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరిగి తిరుచ్చికి మార్చినపుడు దీనిలోని భాగాలను విప్పించి తరలించాడు. మిగిలిన దానిని పందొమ్మిదవ శతాబ్దిలో మదరాసు గవర్నరు నేపియరు ప్రభువు బాగుచేయించాడు. నేడు యాత్రికులు చూసి ఆశ్చర్యపోయే ఆ స్తంభశాల అసలు మహలులో ఒక భాగం మాత్రమే.

మీనాక్షీ ఆలయానికి తూర్పున, రాయగోపురానికి ఎదుటనున్న పుదుమంటపంలో విశ్వనాథుని నుండి తిరుమలుని వరకు నాయకరాజుల శిలావిగ్రహాలు ఉన్నాయి. ఎంతోకాలం ఆ విగ్రహాల నడుమనే దర్జీలు కుట్టుమిషన్లు త్రొక్కారు, పుస్తకాల అంగళ్లు సాగాయి. నగరానికి తూర్పుదిక్కున వండియూరు తెప్పకొలను 1645లో తిరుమల నాయకుడు త్రవ్వించినది. వెయ్యి అడుగుల పొడవు, దాదాపు అంతే వెడల్పు కలిగిన ఆ కొలనుకు వైగై నది నీరు భూగర్భ కాలువల ద్వారా చేరేది. తైమాసపు పౌర్ణమినాడు మీనాక్షీ సుందరేశ్వరులు దీపాల వెలుగులో తెప్పమీద విహరిస్తారు. ఆ ఉత్సవానికి తరలివచ్చే లక్షలాది తమిళ భక్తులకు తిరుమల నాయకుడు పరాయివాడు కాడు.

ఆయన తరువాతి తరాలలో రాణి మంగమ్మ మనుమని పక్షాన 1689 నుండి 1706 వరకు రాజ్యమేలింది. బాటసారులకు రహదారులు, సత్రాలు కట్టించిన తల్లిగా ఆమెను తమిళదేశం స్మరిస్తుంది. మధుర రైలుస్టేషను ఎదుట మంగమ్మ సత్రం నేటికీ ఉన్నది. ఆమె వేసవి విడిదిగా చెప్పబడే తముక్కం భవనంలో 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల నడుస్తున్నది.

మంగమ్మ పెంచిన మనుమడు విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తెలుగులో ‘శ్రీరంగ మాహాత్మ్యము’, ‘మాఘ మాహాత్మ్యము’ రచించాడు. ఆయన ఆస్థానంలోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ‘జైమిని భారతము’ను వచనంలో వ్రాశాడు, ‘అహల్యా సంక్రందనము’ను కావ్యంగా తీర్చాడు. సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగంగా పిలువబడే ఆ కాలంలో తెలుగు వచనం పెంపొందినచోట్లలో మధుర ముఖ్యమైనది. ఇంతటి వాఙ్మయం పుట్టిన నగరంలో, ఆ గ్రంథాల పేర్లు చెప్పే ఒక ఫలకం కోసం యాత్రికుడు వెదకుకోవలసి వస్తుంది.

ఇంటిమాట, బడిరాత

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. అంటే నూటికి దాదాపు ఆరుగురు. వీరిలో ఎందరి ఇళ్లలోనో తెలుగు మాట ఉన్నది, తెలుగు రాత లేదు. అమ్మమ్మ తెలుగులో కథ చెబుతుంది, మనుమడు దానిని తమిళ లిపిలో వ్రాసుకొంటాడు. 2006లో చేసిన రాష్ట్ర చట్టం మేరకు 2006–07 విద్యాసంవత్సరంలో ఒకటవ తరగతితో ఆరంభించి, ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉన్న నేల భాషను చక్కగా నేర్వడం కర్తవ్యమే. నాయకరాజులు ఆ భాషను ఆదరించారు, కి. రాజనారాయణన్ దానిలో శిఖరాలు అందుకొన్నాడు. అయితే రెండవ అక్షరమాల తనంతట తాను నిలువదు. దానిని నిలిపేది ఇల్లు, ఇంటికి తోడు తెలుగు బడి.

రాత పోయిననాడు పోయేది అక్షరమాల ఒక్కటే కాదు. మధుర మహలు నిలుస్తుంది, తెప్పకొలను నిలుస్తుంది. వాటిని చూపించి ‘ఇవి కట్టినవారి మాటే మన ఇంటిమాట’ అని చెప్పగలిగిన తరం నిలువదు. మోట కుట్టినవాని కథకు, మగ్గం నేసినవాని కథకు శిలాశాసనం కూడా లేదు. అవి మాటలో మాత్రమే బ్రతికి ఉన్నాయి. వ్రాసి ఉంచకపోతే ఒక తరంలో మాసిపోతాయి.

అందువలన తెలుగు మాధ్యమ పాఠశాలల విహారయాత్రలు చెరువుగట్టు దగ్గర మొదలు కావడం మంచిది. సింగానల్లూరు చెరువు, కలంగల్, పేరూరు కనకసభ, మధుర పుదుమంటపం, వండియూరు తెప్పకొలను వరుసగా చూసి, ప్రతిచోటా విన్నదీ కన్నదీ పిల్లలు నోటుపుస్తకంలో తెలుగులో వ్రాయాలి. తిరిగివచ్చిన తరువాత ఇంటిలోని వృద్ధులను అడిగి, తమ కుటుంబం ఏ ఊరి నుండి వచ్చినదో, ఏ వృత్తితో బ్రతికినదో మరొక పుట చేర్చాలి. అటువంటి నూరు నోటుపుస్తకాలు ఒక పాఠశాల గ్రంథాలయంలో చేరితే, కొంగునాటి తెలుగువారి చరిత్రకు అంతకు మించిన ఆధారం వేరొకటి ఉండదు. ఆనాడు సింగానల్లూరు అన్న పేరును ఆ పిల్లలు రెండు లిపులలోనూ తప్పులేకుండా వ్రాయగలరు. నల్లూరు అంటే మంచి ఊరని తమిళంలో చెప్పగలరు, ఆ మంచిలో తమ పెద్దల చెమట ఎంత ఉన్నదో తెలుగులో చెప్పగలరు.