అయ్యవారి అరుగు

అప్పట్లో బడంటే అయ్యవారి ఇంటి అరుగేరా నాయనా. అది లేని ఊళ్లో గుడి మండపం. మా జేజినాయన అట్లాంటి అరుగు మీదే చదువుకున్నాడు. మంట కాస్త ఎగదోయండి, చెప్తా.

ఆరు గంటలకల్లా అయ్యవారు విబూది పెట్టుకొని కూర్చునేవాడంట. అందరికంటే ముందొచ్చినోడి అరచేతిలో 'సరస్వతి' అని రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ లెక్కన కడాకు వచ్చినోడి గతి మీరే చూసుకోండి. మా జేజినాయన కోడి కూయకముందే లేచి చీకట్లో పరుగెత్తేవాడు. సరస్వతి రాయించుకున్న పొద్దు ఆ చేత్తో సంగటి ముట్టేవాడు కాదు, "అమ్మా, నువ్వే పెట్టు" అని నోరు తెరిచేవాడంట.

మొదట ఇసుకలో వేలితో ఓనమాలు. వేలి కొస కందిపోయేదాకా దిద్దల్ల. అది కుదిరినాక పలక. రాతిపలక కాదు, నున్నగా చిత్రిక పట్టిన చెక్కకు అన్నం, బొగ్గుపొడి మెదిపి పూసేవాళ్లు. గుడ్డకు గంజి పెట్టి బిరుసెక్కించి, మడతలు మడిచి, బొగ్గూ బంకా పట్టిస్తే కడితం. బలపంతో రాసి తడిగుడ్డతో తుడిస్తే మళ్లా కొత్తదే. తాటాకు, గంటం ఆ తర్వాత మాట.

ఇంతమందికి ఒక్క మనిషి ఎట్ల చెప్పేవాడంటే, పెద్దపిల్లోళ్లు చిన్నోళ్ల చేత వల్లె వేయించేవాళ్లు. చెప్పేవాడికీ పాఠం గట్టిపడేది. మద్రాసు గవర్నరు మన్రో దొర బడుల లెక్క అడిగితే 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ రాసి పంపినాడు. ఆ కాగితాలు తర్వాత అచ్చైనాయి, నేను చదివినాను. ఈ పద్ధతి మెచ్చదగిందనీ, ఇంగ్లండులోనూ దీన్ని పట్టుకున్నారనీ అందులో ఉంది. మన అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోదే కదా. ఆ లెక్కలో జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. ఆ అంకె చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్లయింది. మా జేజికి చచ్చేదాకా వేలిముద్రే. ఊరి వెలుపలి వాడల పిల్లలకైతే మా ఊరి అరుగు ఎక్కే దారే లేదు.

బెత్తమే కాదు, కోదండం కూడా ఉండేది. దూలానికి తాడు కట్టి వేలాడదీసేవాళ్లు. పసిబిడ్డల్ను అట్ల చేయడం తప్పే, ఎవరు చేసినా తప్పే.

అట్లని అయ్యవారు సుఖంగా బతికినాడా? నెలకు ఇన్ని అణాలని కొందరిచ్చేవాళ్లు, లేనోళ్లు గింజలు కొలిచేవాళ్లు. సీమ గుడ్డలు దిగి మన మగ్గాలు పడిపోయినాయి, జనం చేతిలో కాసు ఆడటం లేదు, అందుకే బిడ్డల్ను బడికి పంపలేకున్నారని ఆ కలెక్టరే రాసినాడు. ఇక అయ్యవారికి జీతమెక్కడ? దసరాకు పిల్లోళ్లు విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగితే వాళ్లకు పప్పుబెల్లాలు, అయ్యవారికి ఒక పంచె, నాలుగు రూకలు. ఏడాది పొడుగునా ఆ పంచే.

1876లో ధాత కరువొచ్చింది. గింజలు కొలిచే చేతులే లేకపాయె, అయ్యవారూ పెండ్లాం బిడ్డల్తో ఊరు విడిచిపోయినాడు. వానలు పడినాక తిరిగొచ్చి అరుగు అలికించి, ఏటి ఇసుక పోయించినాడు. సగం మందే వచ్చినారు. రెండేండ్లు ఆగిన చదువు గదా, తాటాకు దాకా వచ్చిన మా జేజినాయన్ను మళ్లా ఇసుకలో కూర్చోబెట్టి, ఓనమాల నుంచే మొదలుపెట్టించినాడు.